తిప్పే చెయ్యి

ఆవిడ అసలు పేరేమిటో చుట్టాల్లో సగం మందికి తెలియదు. పిల్లి పిన్ని అంటే మాత్రం చంటిపిల్లలు కూడా గుర్తుపడతారు. కాలుగాలిన పిల్లిలా ఒక్కచోట నిలవదని ఎవరో ఏనాడో అన్నారు, ఆ మాటలోని పిల్లి కాస్తా ఆవిడకి అతుక్కుపోయింది. కూర్చుంటే లేస్తుంది, లేస్తే ఏదో ఒకటి తుడుస్తుంది, తుడిచింది ఆరకముందే మళ్ళీ తుడుస్తుంది. పెళ్ళి ఫోటోలో అందరి మొహాలూ తేటగా ఉంటే ఆవిడ మొహం ఒక్కటే చెదిరిపోయి పొగలా ఉంటుంది. ఫోటో తీసే ఆయన "కదలకండి" అన్న క్షణంలోనే ఈవిడ కంటికి పెళ్ళికొడుకు భుజం మీద దారప్పోగు కనిపించింది మరి!

అలాంటి మనిషికి ఫోన్ చేసి, "పిన్నీ, నువ్వు వచ్చి ఊరికే కూర్చో చాలు, నాకు ధైర్యంగా ఉంటుంది" అంది అక్క కూతురు. ఊరికే కూర్చోవడమట! చేపని పిలిచి కాసేపు గట్టు మీద కూర్చోమన్నట్టుంది. అయినా పిన్ని ఆ సాయంత్రమే మూట కట్టేసింది.

అక్క కూతురన్నది పేరుకే. తల్లికి ఆసుపత్రిలో వారం పగలు, వారం రాత్రి డ్యూటీలు. అందుకని పిల్ల పాలపళ్ళ నాటి నుంచీ పిన్ని వంటింట్లోనే పెరిగింది. ఆ బల్ల మీదే అన్నం తిని, ఆ బల్ల మీదే పాఠాలు రాసుకుని, ఆ బల్ల మీదే తలవాల్చి నిద్రపోయేది. ఇప్పుడు పెద్ద లాండ్రీలో పని. హోటళ్ళ దుప్పట్లూ ఆసుపత్రుల దుప్పట్లూ పొద్దస్తమానం నిలబడి ఆవిరి మిషన్‌లో పెట్టాలి, తీయాలి. సాయంత్రానికి కాళ్ళు దిండ్లలా వాచిపోతాయి. చెప్పుల్లో దూరవు, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

ఇలా ఉండగా, వీధి మూల టీ కొట్టావిడకి ఈ పిల్ల చేసిన స్పాంజి కేకు ముక్క ఒకటి రుచి చూసే యోగం పట్టింది. దూది నోట్లో పెట్టుకున్నట్టుందట. "నా కొట్టుకి రోజూ ఇలాంటిదే కావాలి. కానీ అది అదృష్టం కొద్దీ వచ్చిందో, నీకు చేతనై వచ్చిందో చూడాలి కదా. సెలవు రోజు మధ్యాహ్నం నేనే మీ ఇంటికి వస్తాను, వేడివేడిది నా కళ్ళ ముందు తియ్యి" అంది. నచ్చితే లాండ్రీ మానేసి ఇంటిపట్టున ఉండి కేకులు చేసుకోవచ్చు. నచ్చకపోతే మళ్ళీ ఆ ఆవిరీ, ఆ దుప్పట్లూ.

చిక్కల్లా ఏమిటంటే, ఆ కేకు మళ్ళీ రాలేదు. గిన్నెలో నురగ కొండలా ఉంటుంది. ఓవెన్‌లో పెడితే బుద్ధిగా పొంగుతుంది. బయటికి తీసేసరికి నడుమ గుంట! ఎవరో మోచెయ్యి పెట్టి నొక్కినట్టు. పిల్ల ఏడవని రోజు లేదు, కొనని వస్తువు లేదు.

బస్సు దిగి ఆ వంటింట్లో అడుగుపెట్టిన పిన్నికి కళ్ళు తిరిగాయి. "ఇది వంటిల్లా, పనిముట్ల కొట్టా?" అంది.

"కుంగిపోతోంది కదా అని ఒక్కొక్కటీ తెచ్చాను పిన్నీ" అంది పిల్ల. పిండి ఎక్కువవుతోందేమోనని కాటా కొన్నది. గుడ్లు సరిగ్గా గిలక్కొట్టడం లేదేమోనని కరెంటు బీటర్ తెచ్చింది. ఓవెన్ వేడి అబద్ధం చెబుతోందేమోనని లోపల వేలాడదీసే చిన్న వేడిమీటరు. టిన్ను వంకరేమోనని కొత్త టిన్ను. నురగ చెదిరిపోతోందేమోనని మెత్తటి రబ్బరు గరిటె. అన్నీ వరసగా, తళతళలాడుతూ, పెళ్ళికి పట్టుచీరలు కట్టుకుని వచ్చి కూర్చున్న ముత్తైదువల్లా ఉన్నాయి.

పిన్ని తన మూట విప్పింది. అందులోంచి బయటపడ్డవి ఈ పేరంటానికి పిలవకుండా వచ్చిన పేద చుట్టాలు. అంచు చుట్టూ గుడ్డ కుట్టిన జల్లెడ. ఒక తీగ ఊడి టిక్కుటిక్కుమనే చేతి బీటరు. ఒకే వైపు కలిపీ కలిపీ ఒక పక్క అరిగిపోయిన చెక్క గరిటె. కేకు ఉడికిందో లేదో గుచ్చి చూసే అల్లిక సూది. ఇక ఆవిడ ప్రాణం, చింకి చింకి అయిపోయిన మందపాటి చేతిగుడ్డలు, జత.

"ఈ సూదితోనేనా నువ్వు నాకు స్వెట్టరు అల్లింది?"

"ఆ, దాంతోనే. అందుకే నీ స్వెట్టరు వెనిల్లా వాసనేసేది. అవునే, ఇన్ని కొన్నావు, జల్లెడ ఏదీ?"

"పిండి ప్యాకెట్ మీద జల్లించే ఉందని రాశారు పిన్నీ."

"పెళ్ళి సంబంధం మాట్లాడేవాళ్ళు కూడా పిల్లాడికి ఏ అలవాట్లూ లేవనే చెబుతారు. జల్లించు."

పిల్ల నవ్వింది. పొద్దున లేచినప్పటి నుంచీ అదే మొదటిసారి నవ్వడం. లోపలి గదిలో అల్లుడు గురక. సిటీ బస్సు డ్రైవరు, రాత్రి డ్యూటీ చేసి తెల్లవారి వచ్చి పడుకుంటాడు. పడుకుంటే ఇక మనిషి కాదు, మూట. ఒకసారి ఈ పిల్ల ఆయన మంచాన్ని ఆయనతో సహా జరిపి కింద ఊడ్చిందట!

సరే, మొదటి కేకు మొదలైంది. గుడ్లూ పంచదారా కరెంటు బీటర్ కింద తెల్లబడి, ఉబ్బి, రిబ్బన్‌లా జారేదాకా పిల్ల గిన్నె వదల్లేదు. పిన్ని జల్లెడ పట్టుకుంటే పిండి మంచులా రాలింది. రబ్బరు గరిటె అడుగు నుంచి పైకి, అడుగు నుంచి పైకి, నిద్రపోతున్న బిడ్డకి దుప్పటి కప్పినంత మెల్లగా తిరిగింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ గరిటె మీద పిన్నికి ఆశ పుట్టింది. అది గిన్నె గోడకి ఒక్క మరక మిగలకుండా నాకేసింది మరి. టిన్ను ఓవెన్‌లోకి వెళ్ళింది, తలుపు పడింది, టైమర్ తిరిగింది.

"పిన్నీ, ఒక్క మాట. నేను స్నానం చేసొస్తాను. ఈ తలుపు మాత్రం ముట్టుకోకు. ఓవెన్‌తో ఇచ్చిన పుస్తకంలో పెద్ద అక్షరాల్లో రాశారు, తెరిస్తే కుంగిపోతుందని."

"నేనెందుకు ముట్టుకుంటానే? నాకేం పని?"

దొంగకి తాళం చేతికిచ్చి నీళ్ళోసుకోవడానికి వెళ్ళింది పిచ్చిపిల్ల.

పిన్ని కూర్చుంది. లేచింది. బల్ల తుడిచింది. గుడ్ల పెంకులు ఒకదాంట్లో ఒకటి దూర్చింది. కిటికీలోంచి ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు చూసి, ఆ చొక్కాకి క్లిప్పు పెట్టలేదని నొచ్చుకుంది. మళ్ళీ కూర్చుంది. ఓవెన్ అద్దంలోంచి పచ్చటి వెలుగు, అందులో కేకు అంచులు పైకి లేస్తున్నాయి. ఆవిడ మోకాలు దానంతట అది ఊగుతోంది. ఏదో మర్చిపోయినట్టు, పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చినట్టు, ఎవరో పిలుస్తుంటే పలక్కుండా ఉన్నట్టు, లోపల ఒకటే గోల.

పిన్ని ఇంటి ఓవెన్ సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి. అది ముసలి గ్యాస్ ఓవెన్. దాని మంట ఒక పక్కనే మండేది, రెండో పక్క రంధ్రాలు ఏనాడో మూసుకుపోయాయి. కేకు పెడితే కుడి పక్క మాడేది, ఎడమ పక్క పచ్చిగా ఉండేది. బాగుచేసేవాడు వచ్చి చూసి "దీనికి మందు లేదమ్మా" అని పోయాడు. అందుకని సగం ఉడకగానే కుడి పక్క ఎడమకి వచ్చేలా టిన్ను తిప్పాలి. ఆ ఇంట్లో అది ఊపిరి పీల్చినంత అలవాటు. ఎవరు గుమ్మంలోకి వచ్చినా, వెన్న వాసన తగలగానే "ఎలా ఉన్నారు" అనేవాళ్ళు కాదు, "తిప్పారా?" అనేవాళ్ళు. పిన్ని చేసేవి వెన్నా పిండీ దట్టంగా పట్టిన బరువు కేకులు. వాటిని తిప్పినా, కుదిపినా, దొర్లించినా చలించేవి కావు.

అదీ సంగతి. పిన్ని తెలిసి తెలిసి ఏమీ చెయ్యలేదు. చూసేసరికి చేతులకి చింకి గుడ్డలున్నాయి, తలుపు తెరిచి ఉంది, టిన్ను తిరిగి ఉంది. తలుపు మూసిన చప్పుడుకి ఆవిడే ఉలిక్కిపడింది. అద్దంలోంచి చూస్తుండగానే కేకు నడుమ నిట్టూర్పు విడిచినట్టు, మెల్లగా, దిగబడింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? స్నానం ముగించి వచ్చిన పిల్ల ఓవెన్ వైపు చూసింది, పిన్ని చేతుల వైపు చూసింది.

"తిప్పావా?"

"కొంచెమే తిప్పానే."

"తిప్పడంలో కొంచెమేంటి పిన్నీ! ఆవిడ మధ్యాహ్నం వస్తుంది. నీకు తెలుసు కదా, ఇది పోతే నాకు మళ్ళీ ఆ ఆవిరే. నిన్ను కూర్చోమన్నాను. కూర్చోవడం కూడా రాదా మనిషికి?"

ఆ ఆఖరి మాట పిన్నికి గుచ్చుకుంది. ఎందుకంటే నిజం.

"నువ్వు బయటికి వెళ్ళు" అంది పిల్ల, ఈసారి మెల్లగా. "కోపంతో కాదు. అలా వీధిలో తిరిగి రా. నేను ఇంకోటి మొదలుపెడతాను. నువ్వుంటే నా చేతులు కూడా ఆడవు."

పిన్ని చెప్పులేసుకుంది. మెట్లు దిగుతుంటే వెనక కరెంటు బీటర్ మళ్ళీ రొద పెట్టింది.

వీధిలో ఎండ వెల్లవేసినట్టుంది. పిన్ని గబగబా నడిచింది, ఎక్కడికో తెలియకుండా, ఎవరో తరుముతున్నట్టు. తాళాలు బాగుచేసే కొట్టు, చెప్పుల కొట్టు, ఆ పక్కన పొడుగాటి రేకుల షెడ్డు. షెడ్డు కిటికీల్లోంచి తెల్లటి ఆవిరి ఆగకుండా వస్తోంది. లోపల ఆడవాళ్ళు జంటలు జంటలుగా దుప్పటి అంచులు పట్టుకుని లాగుతున్నారు, మడుస్తున్నారు, లాగుతున్నారు. ఒకావిడ గోడకి ఒక కాలు ఆనించి, ఇంకో కాలి మీద నిలబడి పని చేస్తోంది. కాసేపటికి కాలు మార్చింది. కొంగ! పిన్నికి నవ్వు రాలేదు. మా పిల్ల కూడా ఇలాగే నిలబడుతుందన్నమాట, అనుకుంది. అక్కడ కూడా నిలవలేక ముందుకి సాగింది.

టీ కొట్టు మూల మీద ఉంది. అద్దాల బీరువా ముందు ఒక పొట్టి ఆవిడ, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, ఆ అద్దాన్ని తుడుస్తోంది. బీరువా ఖాళీ. పిన్ని టీ తీసుకుంది, నిలబడే తాగింది.

"లోపల ఏమీ పెట్టలేదేం అమ్మా?" అంది, ఏమీ ఎరగనట్టు.

"ఏం చెప్పమంటారు పెద్దమ్మా! ఇదివరకు తెచ్చేవాడి కేకులు కొరికితే పన్ను ఊడేది. మానిపించేశాను. ఇక్కడే ఒకమ్మాయి ఉంది, భలే చేస్తుంది. కానీ నిలకడ మీద నమ్మకం లేదు. ఇవాళ చూస్తాను. బాగుంటే సరే. లేదంటే ప్యాకెట్ల వ్యానువాడు ఉన్నాడుగా, సాయంత్రం లోపు ఏ సంగతో తేల్చమని ప్రాణం తీస్తున్నాడు."

"ప్యాకెట్లు ఎవరు తింటారమ్మా!"

"ఎవరూ తినరు. కానీ కుంగవు కదా!"

టీ ఇంకా సగం ఉండగానే పిన్ని గ్లాసు పెట్టేసి వెనక్కి తిరిగింది. పోకూడదని తెలుసు. కాళ్ళు వినలేదు. మెట్లెక్కి, గుమ్మం బయట నిలబడి, లోపలికి అడుగుపెట్టకుండా మెడ మాత్రం దూర్చి చూద్దామనుకుంది. చూసింది.

పిల్ల ఓవెన్ ముందు ఉంది. తలుపు తెరిచి ఉంది. చేతులకి గ్లవ్స్. టిన్ను అంచు పట్టుకుని, పెదవులు ఏదో పాట కూనిరాగం తీస్తుండగా, చులాగ్గా, అందంగా, అటు నుంచి ఇటు తిప్పి, తలుపు మూసేసింది. మూసి, గ్లవ్స్‌తోనే వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తోంది, పిన్ని ఎక్కడుందోనని కాబోలు.

పిన్ని లోపలికి దూసుకొచ్చింది. "ఏమే!"

"అమ్మయ్య, వచ్చావా! ఎక్కడికి పోయావో అని..."

"తిప్పావేమే?"

"ఏంటి?"

"టిన్ను. ఇప్పుడే. నా కళ్ళతో చూశాను."

"నేనా? నేనెందుకు తిప్పుతాను? తిప్పలేదు పిన్నీ, ఒట్టు."

"మరి ఆ చేతులకేంటి?"

పిల్ల చేతులు చూసుకుంది. గ్లవ్స్. వేళ్ళ దగ్గర ఇంకా వేడిగానే ఉండుంటాయి. వాటిని అలా ఎత్తి పట్టుకుని, ఎవరివో చేతులు తన భుజాలకి ఎవరో కుట్టేసినట్టు చూస్తూ ఉండిపోయింది. ఓవెన్‌లో రెండో కేకు కూడా ఆపాటికి కడుపు లోపలికి తీసుకుంది.

"నేనెప్పుడూ తిప్పలేదు" అంది, కానీ గొంతులో పట్టు లేదు. కుర్చీలో కూలబడింది. "పిన్నీ... నేనెప్పుడూ తిప్పుతున్నానా?"

ఎప్పుడూ. వాళ్ళింట్లో తిప్పే పని ఈ పిల్లదే కదా! పిన్ని పాత్రలు తోముకుంటూ "ఏమే, తిప్పు" అని కేకేసేది, ఇది లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండా లేచి, తిప్పి, వచ్చి కూర్చునేది. తర్వాత్తర్వాత కేక కూడా అక్కర్లేకపోయింది. చెయ్యి నేర్చుకున్నది మనిషికి చెప్పి చెయ్యదు.

"ఆ ఒక్కటీ బాగా వచ్చిన రోజు ఏం చేశావే?"

పిల్ల ఆలోచించింది. "ఆ రోజు... కేకు లోపల ఉండగానే మా సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. సెలవెందుకు పెట్టావని ఒకటే చివాట్లు. సిగ్నల్ సరిగ్గా లేదని వరండాలో నిలబడి తిన్నాను, టైమర్ మోగేదాకా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు పిన్నికి పొట్టలో కదిలింది నవ్వు. తర్వాత పిల్లకి. కాటా కొన్నది, మీటరు కొన్నది, టిన్ను మార్చింది, గరిటె మార్చింది. ఆడలేక మద్దెల ఓడన్నదట! నవ్వీ నవ్వీ పిల్ల కళ్ళు తుడుచుకుంది, తుడుచుకున్న తర్వాత కూడా కళ్ళు తడిగానే ఉన్నాయి.

"గుడ్లు ఇంకొక్క దానికే ఉన్నాయి పిన్నీ. ఆవిడ వచ్చే వేళయింది."

"చెయ్యి. కలుపు. దాంట్లో నీకు ఢోకా లేదు. పెట్టాక నేను చూసుకుంటాను."

"నువ్వు చూసుకుంటావా! మరి నిన్నెవరు చూసుకుంటారు?"

అదీ నిజమే. పోనీ పిల్ల ఉంటుందా అంటే, దానికి తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. తెలిసి తిప్పేవాళ్ళని ఆపొచ్చు, తెలియకుండా తిప్పేవాళ్ళని ఎవరాపుతారు? కేకు కలుపుతున్నంతసేపూ పిన్ని వంటింట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి తిరిగింది. ఓవెన్ తలుపుకి తాడు కడదామంది. తాడు కాలుతుందంది పిల్ల. కుర్చీ అడ్డం పెడదామంది. కుర్చీ జరపలేమా అంది పిల్ల. టిన్ను లోపల పెట్టి తలుపు మూస్తుండగా లోపలి గదిలోంచి గురక మోగింది. ఇద్దరి తలలూ ఒకేసారి అటు తిరిగాయి.

అల్లుణ్ణి లేపడానికి పడ్డ పాట్లు చెబితే అదో కథ. చివరికి లుంగీ సర్దుకుంటూ, సగం కళ్ళు మూసుకునే, వంటింట్లోకి వచ్చాడు.

"ఏమండీ, మీరిక్కడ కూర్చోండి. మేమిద్దరం బయటికి పోతాం. తలుపు గడియ పెట్టుకోండి. మేము ఎంత బతిమాలినా తియ్యకండి. టైమర్ మోగాకే తియ్యాలి. ఓవెన్ జోలికి పోకండి."

"ఓవెన్ జోలికి నేనెప్పుడు పోయాను? మీరెందుకు బయటికి?"

"తిప్పుతామని" అంది పిన్ని.

"ఏం తిప్పుతారు అత్తయ్యగారూ?"

"బాబూ, మీకు అర్థం కాకపోవడమే మాక్కావలసింది. కూర్చోండి."

గడియ పడింది. మెట్ల మీద పిన్నీ పిల్లా. పిల్ల కింది మెట్టు మీద కూర్చుని వేళ్ళు విరుచుకుంటోంది. పిన్ని మూడు మెట్లు ఎక్కుతుంది, మూడు మెట్లు దిగుతుంది. తలుపు సందులోంచి వెనిల్లా వాసన మెల్లగా బయటికి రాసాగింది, దానితో పాటు గురక కూడా.

"పడుకున్నాడే!"

"పడుకోనీ పిన్నీ. పడుకున్నవాడు తిప్పడు."

అది నిజమే అనుకుని ఇద్దరూ కాస్త స్థిమితపడ్డారో లేదో, కింద చెప్పుల చప్పుడు. టీ కొట్టావిడ, చేతిలో ఖాళీ డబ్బా, ఎక్కి వస్తోంది. పిన్నిని చూసి ఆగిపోయింది.

"అయ్యో పెద్దమ్మా, సగం టీ వదిలేసి పారిపోయింది మీరే కదూ!"

"నేనేనమ్మా. దీని పిన్నిని."

"బాగుంది వరస! మరి మెట్ల మీద కూర్చున్నారేం ఇద్దరూ? ఇంట్లోంచి గెంటేశారా?"

"మేమే గెంటుకున్నాం అక్కా" అంది పిల్ల. అంటుండగానే లోపల టింగుమని మోగింది.

ముగ్గురూ తలుపు వైపు చూశారు. తలుపు తెరుచుకోలేదు. పిల్ల మెల్లగా తట్టింది. "ఏమండీ!" గట్టిగా తట్టింది. పిన్ని అరచేత్తో బాదింది. "బాబూ! అల్లుడుగారూ! మోగింది!" గురక, ఒక్క క్షణం ఆగి, ఇంకో శ్రుతిలో అందుకుంది. పిల్ల ఫోన్ లోపలే ఉంది. టీ కొట్టావిడ ఫోన్‌తో ఆయనకి చేస్తే, ఆయన ఫోన్ లోపల ఎక్కడో దిండు కింద సన్నగా మోగి మోగి ఆగిపోయింది. ఓవెన్ దానంతట అదే ఆగిపోయి ఉంటుంది, కానీ లోపలి వేడి ఎక్కడికి పోతుంది? వాసన మారుతోంది. పంచదార రంగు తిరుగుతున్న వాసన, పిన్ని ముక్కుకి తెలుసు. ఇంకాస్త ఆగితే మాడు వాసన.

"మాడిపోతుందే" అంది పిన్ని.

"తెలుసు పిన్నీ" అంది పిల్ల.

టీ కొట్టావిడ డబ్బా కింద పెట్టింది. "ఏం చేస్తాడాయన?"

"బస్సు నడుపుతాడు."

అంతే, పిన్నికి ఎక్కడో తట్టింది. పొద్దున తను వచ్చిన బస్సులో దిగాల్సిన చోటు దాటిపోతుంటే ఒకావిడ వేసిన కేక చెవుల్లో ఇంకా ఉంది. పిన్ని రెండు చేతులూ ఎత్తి, తలుపుని బస్సు రేకు అనుకుని దడదడా చరిచి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. "డ్రైవరూ! ఆపు ఆపు! దిగాలి! నా స్టాపు దాటిపోతోంది!"

లోపల ధడాలుమని ఏదో పడింది. "ఆపుతున్నా, ఆపుతున్నా!" అన్న కేక, పరుగు, గడియ. తలుపు తీసిన అల్లుడి కుడికాలు ఇంకా బ్రేకు మీదున్నట్టే నేలని తొక్కుతోంది.

ఎవరు ముందు దూరారో ఎవరికీ తెలియదు. పిల్ల గ్లవ్స్ కోసం చూడలేదు, పిన్ని చింకి గుడ్డలు లాక్కుని ఓవెన్ తలుపు తెరిచి టిన్ను బయటికి తీసింది. కేకు నిండుగా ఉంది. అంచు దాటి, గుండ్రంగా, నడుమ ఎత్తుగా, ఎక్కడా గుంట లేకుండా. పైన మాత్రం ఉండాల్సిన దానికంటే రెండాకులు ఎక్కువే ఎర్రబడింది. ఒక అంచున నల్లగా గీత.

టీ కొట్టావిడ కత్తి అడిగి తనే కోసుకుంది. వేడికి వేళ్ళు కాలుతున్నా ఊదుకుంటూ తింది. పిన్ని ఆవిడ దవడలు చూస్తోంది. పిల్ల నేల చూస్తోంది. అల్లుడు ముగ్గురినీ చూస్తున్నాడు, తను ఎవరిని ఎక్కడ దింపాలో తెలియక.

"పైన మాడింది" అంది ఆవిడ.

"అవునక్కా."

ఇంకో ముక్క కోసుకుంది. నల్ల గీతని గోటితో గీకేసి, మెత్తటి భాగాన్ని రెండు వేళ్ళ మధ్య నొక్కింది. వదలగానే అది మళ్ళీ లేచి నిలబడింది. "ఈ లోపలిది నాకు కావాలి. ఈ పైది వద్దు. రేపటి నుంచి రోజూ పొద్దున తెస్తావా? రోజూ అంటే రోజూ. ఒకరోజు పొంగి ఒకరోజు అలిగితే కుదరదు."

పిల్ల ఓవెన్ వైపు, తన చేతుల వైపు చూసుకుంది. పిన్ని నోరు తెరవబోయి మూసుకుంది. ఎంత కష్టపడి మూసుకుందో ఆ దేవుడికే తెలియాలి.

"తెస్తాను" అంది పిల్ల. "ఎందుకు కుంగుతుందో ఇప్పుడు తెలిసింది. ఇంక కుంగదు."

"ఎవరు చేశారిది? నువ్వా, మీ పిన్నా?"

"అదే చేసింది" అంది పిన్ని వెంటనే. "నేను మెట్ల మీదున్నాను."

ఆవిడ వ్యానువాడికి వద్దని చెప్పడానికి ఫోన్ తీస్తూ దిగిపోయింది, మిగిలిన కేకు డబ్బాలో పెట్టించుకుని మరీ. అల్లుడు మళ్ళీ మంచమెక్కాడు. పిల్ల ఆ రోజంతా ఒకటే గొణిగింది. పొద్దున కేకు లోపల పెట్టగానే ఇంట్లోంచి బయటపడాలి, టైమర్ జేబులో పెట్టుకుని తీసుకుపోవాలి, మోగేదాకా గడప తొక్కకూడదు, అని. సంతోషంగానే ఉంది కానీ కుదురుగా లేదు. పిన్ని దగ్గరే నేర్చుకుంది కదా.

"పిన్నీ, నువ్వు కొన్నాళ్ళు ఉండు."

"ఉండి ఏం చెయ్యను? ఇక్కడ కూర్చుంటే తిప్పుతాను."

"కూర్చోవద్దు. నాకొక పని చేసిపెట్టు. లాండ్రీకి పోయి నేను రానని చెప్పు. ఆ మనిషి ఎదురుగా నేను చెప్పలేను, రెండు మాటలంటే మళ్ళీ మిషన్ దగ్గరికి పోయి నిలబడతాను."

మర్నాడు పొద్దున పిల్ల టిన్ను ఓవెన్‌లో పెట్టి తలుపు మూసిందో లేదో పిన్ని మెట్లు దిగేసింది. ఎండ ఇంకా ముదరలేదు. వెనక ఆ ఇంట్లో కేకు ఏమవుతోందో, పిల్ల వరండాలో ఉందో లేదో, చెయ్యి ఎటు పోతోందో, అడుగడుక్కీ వెనక్కి తిరగాలనిపించింది. తిరిగితే కాళ్ళు అటే పోతాయి, అందుకని తిరగలేదు, పరుగులాంటి నడక నడిచింది. షెడ్డులో ఆవిరి అప్పుడే కమ్ముకుంది. సూపర్‌వైజరు పెన్ను చెవిలో దోపుకుని అరుస్తున్నాడు.

"మా అమ్మాయి ఇవాళ్టి నుంచి రాదండీ" అంది పిన్ని.

"రాదా? అలా ఎలా కుదురుతుంది? ముందు చెప్పొద్దా? ఇప్పుడు ఈ దుప్పట్లకి రెండో చివర ఎవరు పట్టుకుంటారు? మీరెవరసలు?"

"దాని పిన్నిని" అంది ఆవిడ. అంటుండగానే, ఎదురుగా ఒక చివర పట్టుకుని దిక్కుతోచక నిలబడ్డ ఆడమనిషిని చూసింది. నేల మీదకి జారుతున్న రెండో చివరని పిన్ని చేతులు అప్పటికే పట్టుకుని ఉన్నాయి. "లాగమ్మా" అంది. "ఊఁ, గట్టిగా లాగు."